సగానికి ఒకరు తక్కువ

చిత్తూరు లేబరాఫీసు గోడకు ఆనుకోని
నాదొక జెరాక్సు మిషను, ఒక కంప్యూటరు,
కాలు విరిగితే ఇటుక పెట్టిన బెంచీ.
సమ్మె నోటీసు టైపు చేస్తే పేజీకి ముప్పై.
పుష్పవతి పత్రికకూ అంతే.

జూన్ నెల. బంగారుపాళెం దావలో
తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ్నించి
మైలు పొడుగున నిలబడుకోని వుండాయి.
ఆ గేటు లోపల్నించే వచ్చినారు నలుగురు ఆడోళ్లు.
ముందర కుప్పమ్మ.
చేతులు బెంచీ మీద పెట్టింది.
సొన తిన్న వేళ్లు, గోళ్ల చుట్టూ నలుపు,
తోలు ఊడి నున్నగైన బొటనవేలు.
హాజరు మిషను దాన్ని గుర్తుపట్టదంట.
అట్లా పోయిన దినాలు పదకొండు అనింది,
కోపంగా కాదు, చీటీ పాట లెక్క చెప్పినట్టు.

"రాయి సామీ.
చేతికి తొడుగులు. పదకొండు దినాల కూలి.
రేత్రి షిఫ్టు దిగితే ఆటో.
లేదంటే కత్తి పట్టం."

రాసినాను. తేదీ కాడ నా వేలు ఆగింది.
"నోటీసిచ్చినాక పద్నాలుగు దినాలు
కత్తి పడతానే వుండాలక్కా. చట్టం."
"పద్నాలుగా?"
"నడాన ఆఫీసరు రాజీకి పిలిస్తే అది తెగేదాకా.
తెగినాక ఇంకో ఏడు."

అముద వేళ్లు మడిచింది.
కాయ మాగను నాలుగు దినాలు.
సీజను నలభై, అందులో పన్నెండు అయిపాయ.
"మనకు సమ్మె చేసే హక్కొచ్చేసరికి
తోపులో ఆకులుంటాయి మే" అనింది.

ఆ చట్టం రాసినాయన
ఇనుము చేసే చోట్ల తిరిగుంటాడు.
ఇనుము కుళ్లదు.

"అందరం ఒకేనాడు జొరమని సెలవు పెడితే?"
అదీ చూసినాను, కొత్త పుస్తకంలో వుండాది.
సగం మంది గానీ అంతకు మించి గానీ
కూడబలుక్కోని ఒక దినం సెలవు పెడితే
దాన్నీ సమ్మె అనే అంటారు.

కుప్పమ్మ చానాసేపు మాట్లాడలేదు.
రోడ్డు మీద వేలూరు బస్సు పోయింది.
"మేము నూటాపద్దెనిమిది మందిమి.
సగమెంత సామీ?"
"యాభైతొమ్మిది."
"యాభైఎనిమిది మందికి జొరమొస్తే?"

నేను లాయర్ను కాదు.
ఆ మాటే చెప్పినాను.
ముప్పై రూపాయలకు అంతకంటే చెప్పకూడదు.
నోటీసు మటుకు ఇచ్చినారు,
ఒక కాపీ మీద ఊదారంగు ముద్ర కొట్టించుకోని
జాకెట్లో దోపుకోని పోయినారు.

తర్వాతది నేను విన్న కత.
సోమవారం యాభైఎనిమిది మంది రాలేదు.
మంగళవారం వాళ్లొచ్చినారు,
ఇంకో యాభైఎనిమిది మందికి ఒళ్లు కాలింది.
రెండు దినాలూ నిలబడి కోసిన ఇద్దరు
కుప్పమ్మ, ఇంకొకామె, వాళ్లు నోటీసులో సంతకం పెట్టినోళ్లు.
మేనేజరు తలలు లెక్కపెట్టినాడు,
మళ్లీ లెక్కపెట్టినాడు, వకీలుకు ఫోను చేసినాడు.
బెల్టు సగం ఖాళీగా తిరిగింది.
ట్రాక్టర్ల అడుగు కాయలు పులిసి కారతా వుంటే
ఆ వాసనకు రైతులు గేటు మీద పడినారు.
ఆ రైతుల్లో అముద మామ కూడా వుండాడు.
ఇంట్లో ఆ రేత్రి ఏమి జరిగిందో
అముద ఎవరికీ చెప్పలేదు.

రాజీ మాటలు ఇంకో తేదీకి వాయిదా పడినాయి.
ఆటో రాలేదు.
పదకొండు దినాల్లో ఆరింటికి కూలి పడింది.

నిన్న కుప్పమ్మ ఒక్కతే వచ్చింది,
సంచిలోంచి ఒక జత తొడుగులు తీసి
బెంచీ మీద పరిచింది.
నీలం రబ్బరు, మోచేతి దాకా,
ఆమె పిడికిలి రెండు సార్లు పట్టేంత.
"ఇంకో కాయితం రాయి సామీ" అనింది.
"ఈ చేతులు ఎవురివో
ఆయన్నే రమ్మను కాయ కొయ్యను."